సెన్సర్ చెడితే బ్యాటరీ మొత్తం మార్చాలా?

ప్రశ్న: నా హైబ్రిడ్ కారులో హెచ్చరిక దీపం వెలిగింది. అధీకృత వర్క్‌షాపులో చూపిస్తే బ్యాటరీ మొత్తం మార్చాలని, వారంటీ వర్తించదని నోటిమాటగా చెప్పారు. మరో మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, ఉష్ణోగ్రత సెన్సర్‌లోనే లోపం ఉందంటున్నాడు. వారంటీ గడువు ఇంకా ఉంది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ఇలాంటి తగువుల్లో గెలుపోటములు చాలావరకు బండి వర్క్‌షాపులో ఉండగానే తేలిపోతాయి. అందుకే మొదటి మాట: ఎర్రర్ కోడ్‌లను, అంటే లోపం కనిపించినప్పుడు కారులోని కంప్యూటర్ నమోదు చేసే గుర్తులను, చెరిపివేయనివ్వకండి. కోడ్ నమోదైన క్షణంలో కారు ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ భద్రపరుస్తుంది. కోడ్ చెరిపితే ఆ వివరాలూ పోతాయి. మీకున్న గట్టి సాక్ష్యం అదే.

స్కాన్ నివేదికను కాగితంపై అడిగి తీసుకోండి. అందులో పి0ఏ9సి వంటి కోడ్ ఉంటే అనుమానం ఉష్ణోగ్రత సెన్సర్ మీదికి వెళుతుంది. పి0ఏ80 ఉంటే బ్యాటరీ మీదికే. అయితే కోడ్ అనుమానమే తప్ప తీర్పు కాదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో సెన్సర్లన్నీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత చూపాలి. మిగిలినవన్నీ 28 డిగ్రీల దగ్గర ఉండి ఒక్కటి మైనస్ 40 చూపితే, అక్కడ తీగ తెగడమో, కనెక్టర్ ఊడడమో, సెన్సర్ పోవడమో జరిగి ఉండాలి. బండి నడిచేకొద్దీ అన్నీ కలిసి పెరిగిపోతుంటే మాత్రం వేడి నిజమే. అప్పుడు చల్లబరిచే ఫ్యాను, గాలి దారి చూడాలి. ఈ రీడింగులు నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. బ్యాటరీని మీరు గానీ, మీ మెకానిక్ గానీ విప్పవద్దు. అందులోని విద్యుత్తు ప్రాణాంతకం. పైగా వారంటీ నిరాకరించడానికి మీరే సాకు అందించినట్లవుతుంది.

కొన్ని కార్లలో సెన్సర్ బ్యాటరీలోనే కలిసి ఉంటుంది, విడిగా దొరకదు. వర్క్‌షాపు వాదన అదే అయితే అలాగే రాసివ్వమనండి. వారంటీ ఏ షరతు కింద వర్తించదో కూడా రాసివ్వాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా సేవాలోపమే. ఇవన్నీ కోరుతూ మీరు పంపే నోటీసుకు స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది. వర్క్‌షాపుతో పాటు తయారీ సంస్థనూ ప్రతివాదిగా చేర్చండి, వారంటీ ఇచ్చింది ఆ సంస్థే కదా.

పరీక్ష లేకుండా లోపం తేలదనిపిస్తే కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. కానీ పంపడానికి వస్తువంటూ ఉండాలి! బండి లేక పని ఆగి, డబ్బు కట్టి బ్యాటరీ మార్పించుకోవలసి వస్తే, బిల్లుపై ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి. పాత బ్యాటరీని, సెన్సర్‌ను కేసు తేలేదాకా భద్రపరచాలని అదే రోజు వర్క్‌షాపుకు లేఖ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.