రౌటర్ ఉన్న గదిలోకి బాబు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలు చాలా తక్కువ. దసరాకి ముందు ఇంట్లో వైఫై పెట్టించాం. అప్పటి నుంచి ముందు గదిలోకి రావడం మానేశాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయి చెవులు మూసుకుంటాడు. ఎత్తుకుని తీసుకొస్తే తల బాదుకుంటాడు. కరెంటు పోయినప్పుడైతే మరీ ఘోరం. ఇదంతా రేడియేషన్ వల్లే, ఇలాంటి పిల్లల మెదడు ఆ తరంగాల్ని లాగేసుకుంటుందని మా ఆడపడుచు అంటోంది. ఫోన్లకి అంటించే స్టిక్కర్లు, బాబు మెడలో వేయడానికి ఒక లాకెట్టు ఆన్‌లైన్‌లో చూసి పెట్టింది. మామయ్యగారేమో వట్టి మొండితనం, రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. మా పక్క డాబా మీద సెల్ టవర్ కూడా ఉంది. ఇల్లు మారిపోమంటారా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: ఇల్లు మారకండమ్మా. లాకెట్టు కొనకండి. బాబు మీద మాత్రం ఎవరినీ చెయ్యి ఎత్తనివ్వకండి. వాడికి నిజంగానే బాధ కలుగుతోంది, అందుకే రావడం లేదు.

కరెంటు పోయినప్పుడు మరీ ఘోరం అని రాశారు చూడండి, నాకు అసలు విషయం అక్కడే ఉందనిపించింది. కరెంటు పోతే వైఫై ఆగిపోవాలి, లేదంటే ఇన్వర్టర్ మీద ఎప్పటిలాగే నడవాలి. తరంగాలు పెరగడానికి కారణమే లేదు. మరి పెరిగేదేమిటి? మోత. చవకరకం ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు లైన్ కరెంటులా సాఫీగా ఎక్కి దిగదు, ఒక్కసారిగా గెంతుతుంది. దాని మీద ఫ్యాను గుయ్‌మంటుంది, చోక్ ఉన్న ట్యూబ్‌లైటు జుయ్యిమని రొద పెడుతుంది. కరెంటు లేనప్పుడు ఏదో ఒకటి తిరుగుతోంది కదా అని మనం సర్దుకుపోతాం. మీ బాబు సర్దుకోలేడు. ఆటిజం ఉన్న చాలామందికి శబ్దం, వెలుతురు, తాకిడి మనకన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగులుతాయి. మామయ్యగారికి ఈ మాట చెప్పండి: డాక్టర్లు ఆటిజాన్ని నిర్ధారించే లక్షణాల జాబితాలోనే 2013 నుంచి ఇది కూడా ఉంది. మొండితనం అని ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ఇంట్లోని వస్తువులు ఎందుకు మోగుతాయో కాస్త తెలిస్తే వెతకడం సులువవుతుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఒక్కో మార్పులో చోక్‌లోని ఇనుప రేకులు రెండుసార్లు అదురుతాయి. ఆ సన్నటి గుయ్‌మనే శబ్దం సెకనుకి 100 అదురుల శబ్దమే. ట్యూబ్‌లైటు కూడా అన్నిసార్లూ మినుకుతుంది. రౌటర్ అడాప్టర్‌లోనూ ఫోన్ చార్జర్‌లోనూ కరెంటు అంతకన్నా చాలా వేగంగా తెగుతూ కలుస్తూ ఉంటుంది. మామూలుగా అది మనిషి చెవికి అందనంత సన్నటి శబ్దం. నాసిరకం అడాప్టర్లలో, పాతబడ్డ వాటిలో ఆ కీచుదనం కిందికి దిగి చెవికి తగిలేంత అవుతుంది. పిల్లల చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 20,000 అదురుల దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పైనున్న ఆ సన్న శబ్దాలే ముందు పోతాయి. పాత డబ్బా టీవీలు 15,625 హెర్ట్జ్ దగ్గర కీచుమనేవి. ఏ ఇంట్లో టీవీ ఆన్‌లో ఉందో సౌండు తగ్గించినా చిన్నప్పుడు మనకి వీధిలోంచే తెలిసిపోయేది. అందుకని, మీకు ఏమీ వినబడడం లేదంటే ఆ గదిలో శబ్దం లేదని అర్థం కాదు.

బాబు స్కూలుకి వెళ్లినప్పుడు ముందు గదిలో అన్ని స్విచ్చులూ ఆపేసి, ఒక్కొక్కటే వేస్తూ వినండి. దగ్గర్లో పదేళ్ల పిల్లలెవరైనా ఉంటే పిలిచి అడాప్టర్ దగ్గర చెవి పెట్టి వినమనండి, మీకన్నా బాగా చెబుతారు. మా దగ్గరికి వచ్చే ఒక పాప చలికాలంలో కూడా ఫ్యాను ఐదు మీదే ఉంచాలని ఏడ్చేది. గాలంటే ఇష్టమనుకున్నారు అందరూ. ఒక రాత్రి వాళ్ల నాన్న రెండు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఫ్యాను కింద నిలబడి విన్నాడు. తిరిగే చప్పుడు వెనకాల ఒక సన్నని గుయ్‌. ఐదు మీద పెడితే అది లేదు. రెగ్యులేటర్ తక్కువ స్పీడులో కరెంటును ముక్కలు చేసి పంపే రకం. దాన్ని తీసేసి, కెపాసిటర్లతో పనిచేసే స్టెప్ రెగ్యులేటర్ పెట్టించారు. పాప ఇప్పుడు రెండు మీదే పడుకుంటుంది.

వైఫై సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చాలా రౌటర్లకి వెనకాల వైఫై ఒక్కటే ఆపే బటన్ ఉంటుంది. బాబుకి తెలియకుండా అది నొక్కండి. లైట్లు కనబడకుండా ముందే నల్ల టేపు అంటించండి. కొన్నాళ్లు తరంగాలు లేకుండా, అడాప్టర్ మాత్రం ఆన్‌లో ఉంచి చూడండి. తర్వాత అడాప్టర్‌నే బోర్డులోంచి పీకేసి చూడండి. ఒక్క రోజులో తేలిపోతుందనుకోకండి. బాధ పోయినా భయం వెంటనే పోదు. ఆటిజం గురించి 1943లో వివరంగా రాసిన డాక్టర్ లియో కానర్ చూసిన పిల్లల్లో ఒకరు, వాక్యూమ్ క్లీనర్ పెట్టే అల్మరా దగ్గరికి వెళ్లడానికే చాలాకాలం భయపడ్డారు. లిఫ్టులు, గుడ్లు గిలకొట్టే మిషన్లు, గ్యాస్ బర్నర్లు అంటే కూడా ఆ పిల్లలకి హడలే. వైఫై అప్పటికి ఎక్కడిది?

ఇక తరంగాల మాట. తమకి సెల్‌ఫోన్లు, ఇతర విద్యుత్ యంత్రాల తరంగాలు పడవని చెప్పేవాళ్లను కూర్చోబెట్టి, యంత్రం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో వాళ్లకి తెలియకుండా చేసిన ప్రయోగాలున్నాయి. 2005లో లండన్ పరిశోధకులు అలాంటి 31 ప్రయోగాలను, 725 మంది ఫలితాలను కలిపి చూశారు. ఆన్‌లో ఉన్నదెప్పుడో వాళ్లు పోల్చుకోగలరని గట్టి ఆధారం దొరకలేదు. తలనొప్పి మాత్రం నిజంగానే వచ్చింది, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పిందీ ఇదే: బాధలు నిజమైనవి, వాటికి విద్యుదయస్కాంత తరంగాలే కారణమనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. టవర్ల విషయంలో మన దేశం 2012 సెప్టెంబరులో పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించింది.

ఆ లాకెట్టు గురించి మాత్రం నాకు చాలా కోపంగా ఉంది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ, 5జీ నుంచి కాపాడతాయని అమ్మే పది వస్తువులను వాడొద్దని హెచ్చరించింది. వాటిలోంచే రేడియోధార్మికత వస్తోంది. ఆ పదింటిలో పిల్లల చేతికి వేసే బ్యాండు కూడా ఉంది. తల్లి భయాన్ని సొమ్ము చేసుకునే వాళ్ల దగ్గర ఒక్క రూపాయి పెట్టకండి.

ఆ డబ్బుతో కొత్త అడాప్టర్ కొనండి, పాతదాని మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసి అదే రకం. ట్యూబ్‌లైటు తీసి మంచి ఎల్ఈడీ వేయించండి. ఇన్వర్టర్ మార్చే రోజు వచ్చినప్పుడు, లైన్ కరెంటులా సాఫీగా ఇచ్చే సైన్ వేవ్ రకం అడగండి. మిక్సీ వేసే ముందు జార్ చూపించి "మిక్సీ వేస్తున్నా" అని చెప్పి, వాడు లోపలికి వెళ్లేదాకా ఆగండి. మిక్సీ కింద మడత పెట్టిన తువ్వాలు వేయండి. వీలైతే స్విచ్ వాడి చేతే వేయించండి, ఆపించండి. ఆపే వీలు తన చేతిలో ఉందని తెలిస్తే చాలామంది పిల్లలకి సగం భయం తగ్గుతుంది. చెవులకి పెట్టే ఇయర్‌మఫ్‌లు పెళ్లిళ్లకీ, డీజే మోతలకీ, ప్రయాణాలకీ మంచివే. రోజంతా పెడితే చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి చిన్న శబ్దం కూడా ఓర్చుకోలేకపోవచ్చు. వీటన్నిటికన్నా ముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. గులిమి, చెవిపోటు ఉన్నా నోటితో చెప్పలేని పిల్లాడు ఇలాగే తల బాదుకుంటాడు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే కేంద్రం) ఉందేమో కనుక్కోండి, అక్కడ థెరపీకి డబ్బు తీసుకోరు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆటిజం ఉందని పోయినేడాదే తెలిసింది. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జిల్లుమంటుంది. ఆఫీసు లైట్ల కింద మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుంది. చెబితే అంతా నీ ఊహ అంటున్నారు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఊహ కాదమ్మా. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌ని రెండు పిన్నుల ప్లగ్గుతో చార్జ్ చేస్తే, అడాప్టర్‌లోని ఫిల్టర్ ద్వారా అతి కొద్ది కరెంటు బాడీ మీదికి వస్తుంది. ప్రమాదం కాదు కానీ వేలితో మెల్లగా రాస్తే ఎవరికైనా గరగరమని తెలుస్తుంది. వాళ్లు పట్టించుకోరు, మీకు తగులుతుంది, అంతే తేడా. మూడు పిన్నుల వైరు వాడి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న సాకెట్‌లో పెట్టి చూడండి. లైట్ల సంగతి మీ ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే బయటపడుతుంది. చవక డ్రైవర్లున్న (డ్రైవర్ అంటే లైటుకి కరెంటు సర్ది ఇచ్చే భాగం) ఎల్ఈడీ ప్యానెళ్లు అందులో దపదపా మినుకుతూ కనిపిస్తాయి. ఆ వీడియో మేనేజరుకి చూపించి కిటికీ పక్క సీటు అడగండి, తల మీది ప్యానెల్ ఒక్కటి ఆర్పించమనండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టమే చెబుతోంది. మీ కంపెనీది హెచ్ఆర్‌ని అడిగి చదవండి. అడగడానికి మొహమాటపడకండి, ఇది మీ హక్కు.

ప్రశ్న: మా మనవరాలికి ఐదేళ్లు, ఆటిజం ఉంది. ఫ్రిజ్‌కి చెవి ఆనించి గంటలకొద్దీ నిలబడుతుంది. అందరూ శబ్దం పడదంటుంటే దీనికి ఇలా ఎందుకు? మాన్పించాలా? – ఒక తాతయ్య, నల్లగొండ

జవాబు: మాన్పించకండి తాతయ్యగారూ. కొన్ని శబ్దాలు, అదురులు ఈ పిల్లలకి బాధ పెట్టినట్టే మరికొన్ని హాయినిస్తాయి. ఒకే పాపకి మిక్సీ పడకపోవచ్చు, ఫ్రిజ్ నచ్చవచ్చు. ఆ నిలబడడం స్కూలు నుంచి వచ్చిన వెంటనేనా, ఇంట్లో చుట్టాలున్నప్పుడా అన్నది రాసి పెట్టుకోండి, థెరపిస్టుకి అది చాలా పనికొస్తుంది. అయితే ఈ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఫ్రిజ్ ఎర్తింగ్ చూపించండి. మన పాత ఇళ్లలో మూడో పిన్ను సాకెట్‌లో ఉన్నా దాని వెనక వైరే ఉండకపోవచ్చు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే అది కూడా పెట్టించండి. ఆ పని అయ్యేదాకా మాత్రం పాపని తడి చేతులతో, వట్టి కాళ్లతో ఫ్రిజ్ దగ్గరికి వెళ్లనివ్వకండి.