డచ్ రాకపోయినా మీ వీధి కబురు మీకు చేరాలంటే

“నెదర్లాండ్స్ వచ్చి ఏడాదైంది, డచ్ రాదు. ఇక్కడి వార్తల కోసం పేపరు వేయించుకోవాలా, ఫోన్ సరిపోతుందా?” అని కదా అడిగారు.

పేపరు అక్కర్లేదు. దేశం కబుర్లకి ఇంగ్లిషులో డచ్‌న్యూస్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. డచ్‌లో చదవాలనుకుంటే ఇక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ వాళ్ల టెలీటెక్స్ట్ (టీవీ తెర మీద అక్షరాల్లో వార్తలిచ్చే పాత పద్ధతి) యాప్ పెట్టుకుని 101వ పేజీ తెరవండి. 1980 నాటి సరుకు, నల్ల తెర మీద రంగు అక్షరాలు. నవ్వొస్తుంది కానీ, పేజీకి 24 వరుసలు, వరుసకి 40 అక్షరాలే పడతాయి కాబట్టి వాక్యాలు పొట్టిగా రాస్తారు. భాష నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలిసి లేదు. టీవీ ఉంటే పిల్లల వార్తలు యఖ్త్‌జర్నాల్ పెట్టి రిమోట్ మీద 888 నొక్కండి, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి.

అసలు చిక్కు దేశం వార్తలతో కాదు, వీధి వార్తలతో. ప్రభుత్వం కూలిందని ఆఫీసులో ఎవరో ఒకరు చెప్తారు. పక్కింటివాళ్లు పైన ఇంకో అంతస్తు లేపుతున్నారని ఎవరు చెప్తారు? ఒకప్పుడు ఆ కబురు వారానికోసారి గుమ్మంలో పడే ఉచిత పేపర్లో, మున్సిపాలిటీ పేజీలో వచ్చేది. 2021 జులై 1 నుంచి అధికారిక ప్రకటనలు ఆన్‌లైన్‌లో వేస్తే చట్టానికి చాలు. కొన్ని ఊళ్లలో పేపరు ఇంకా పడుతోంది గానీ దాన్ని నమ్ముకోకండి. పైగా మీ తలుపుకి పాత అద్దెవాళ్లు అంటించిపోయిన ‘నే-నే’ (వద్దు-వద్దు) స్టిక్కర్ ఉంటే అదీ పడదు. మొదటి ‘నే’ వ్యాపార ప్రకటనల కాగితాలకి, రెండోది ఈ పేపరుకి. పేపరు కావాలంటే ‘నే-యా’ (వద్దు-అవును) అంటించాలి.

కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్ ఓవర్‌హైట్ డాట్ ఎన్‌ఎల్‌ (overheid.nl)లో ‘ఓవర్ యు బ్యూర్ట్’ అనే విభాగానికి వెళ్లి పోస్ట్‌కోడ్, ఇంటి నంబరు, ఈమెయిల్ ఇవ్వండి. ఎంత దూరంలోపు ప్రకటనలు కావాలో అడుగుతుంది. అన్నిటికన్నా తక్కువ దూరం పెట్టుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట ఎక్కువ పెడితే ప్రతి చెట్టుకీ, ప్రతి పార్కింగ్ గడికీ ఒక మెయిల్ వచ్చి, వారంలో మీరే చూడటం మానేస్తారు.

మెయిల్ వచ్చాక చూడాల్సింది శీర్షిక. ‘డాక్‌ఒప్‌బౌ’ అంటే కప్పు మీద అదనపు అంతస్తు, ‘డాక్కపెల్’ అంటే వాలు కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీ. ‘కాప్’ దగ్గర జాగ్రత్త: చెట్టు కొట్టడమూ అదే, ఇంటి కప్పూ అదే. అనువాదం యాప్ ఏది ఎంచుకుంటుందో దాని దయ. ఆ పక్కన ‘ఆన్‌వ్రాఖ్’ అని ఉంటే ఇంకా దరఖాస్తు దశే, అభ్యంతరం చెల్లదు. ‘వెర్లేంట్’ అని ఉంటే అనుమతి ఇచ్చేశారు, అభ్యంతరం చెప్పడానికి మీ చేతిలో ఆరు వారాలు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆరు వారాలు మెయిల్ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. లెక్క మొదలయ్యేది నిర్ణయాన్ని దరఖాస్తుదారుకి పంపిన మర్నాటి నుంచి. ప్రకటనలో ‘వెర్జొండెన్’ (పంపినది) పక్కనున్న తేదీ చూడండి, మెయిల్ వచ్చేసరికి ఆరు వారాల్లో కొన్ని రోజులు కరిగిపోయి ఉంటాయి. ఆ కబురు ఆమ్‌స్టెల్‌వేన్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపు దాకా వచ్చేసరికి గడువే ఉండదు.

అభ్యంతరాన్ని ‘బెజ్వార్’ అంటారు, మున్సిపాలిటీ దగ్గర దీనికి ఫీజు లేదు. పేరు, చిరునామా, తేదీ, ఏ నిర్ణయం మీదో దాని నంబరు, కారణాలు, సంతకం ఉండాలి. కారణాలు తయారుగా లేకపోతే ‘ప్రో ఫార్మా’ అని ముందు ఉత్తరం పడేసి, కారణాలకి గడువు అడగండి. ఇంగ్లిషులో రాస్తే, అవసరమైతే అనువాదం మీరే ఇచ్చుకోవాలి. ఇంకోటి, బెజ్వార్ వేసినంత మాత్రాన పని ఆగదు. ఆపాలంటే కోర్టుకి వెళ్లాలి, అక్కడ ఫీజు ఉంది. ఇంటి వెనక నేలమట్టంలో వేసే గదులకి చాలావరకు అనుమతే అక్కర్లేదు, అంటే ప్రకటనా ఉండదు. వాటికి గోడ మీంచి పలకరించడమే దారి.

ఇక చందాల సంగతి. ఏడీ, ఫోల్క్స్‌క్రాంట్, ట్రౌ, పరోల్ పేపర్లు ఒక బెల్జియం కంపెనీవి. టెలిగ్రాఫ్, ఎన్‌ఆర్‌సీ ఇంకో బెల్జియం కంపెనీవి. అయినా ప్రతిదానికీ విడిగా కట్టమంటారు. ఒక్కో వ్యాసానికి చిల్లర కట్టి చదివే పద్ధతిని ఉట్రెక్ట్‌లో పుట్టిన బ్లెండిల్ అనే కంపెనీ 2014లో తెచ్చింది, 2019లో మానేసింది. ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయినా తీసుకుంటానంటే పరిచయ చందాతో మొదలుపెట్టండి, పేపర్ల విషయంలో దాన్ని వాళ్లంతట వాళ్లు పొడిగించకూడదని చట్టం. డబ్బు ఖాతాలోంచి నేరుగా తీసుకుంటే ఎనిమిది వారాల్లోపు బ్యాంకు యాప్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు. కానీ దాంతో చందా రద్దవదు! రద్దు ఉత్తరం విడిగా పంపకపోతే వసూళ్ల ఏజెన్సీ నుంచి మీకే ఉత్తరాలొస్తాయి. కాగితం చేత్తో పట్టుకుని చదవాలనే ముచ్చటే అయితే శనివారం పొద్దున్నే లైబ్రరీకి వెళ్లండి, అక్కడ బల్ల మీద పేపర్లు ఉంటాయి. ఆలస్యం చేస్తే మాత్రం ముందే వచ్చి కూర్చున్న పెద్దాయనలు కుర్చీల్లోంచి లేవరు.