ముందు ఆ డిస్క్ బయటికి తియ్యి

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "చిన్ని వాళ్ళ నాన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేస్తుందట, నువ్వే నేర్పావా అన్నయ్యా?" అంది. నేను నేర్పలేదు. నీ అంతట నువ్వే అనుకున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. కానీ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే చదివి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీ ఆలోచన సరైనదే. లైనక్స్ కూడా విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించేదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. ఆ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పాతది కాబట్టి విండోస్ 11 ఒప్పుకోదు. అంతమాత్రాన పారేసే మెషీన్ కాదది. 8 జీబీ ర్యామ్ ఉంది, లైనక్స్ హాయిగా నడుస్తుంది.

లైనక్స్‌లో చాలా రకాలున్నాయి. ఏది అంటే, నా మాట విని మింట్ వెయ్యి, సినమన్ డెస్క్‌టాప్‌తో వచ్చేది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నీ బీటెక్ అయ్యేదాకా దాన్ని కదపక్కర్లేదు. ఫెడోరా మంచిదే కానీ ఆరు నెలలకో కొత్త వెర్షన్, ఒక్కోదానికి పదమూడు నెలలే సపోర్ట్. హాస్టల్లో ఎవరో ఆర్చ్ వెయ్యమన్నారట. నేర్చుకోవడానికి అది చాలా మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దానికి వెర్షన్లంటూ ఉండవు, కొత్తవి వచ్చినవి వచ్చినట్టే ఎక్కుతుంటాయి. సెమిస్టర్ పరీక్షకి ముందు రోజు అప్‌డేట్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే నీకు ఎంత టెన్షన్! సెలవుల్లో వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, వేసి ముచ్చట తీర్చుకో.

మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడం నీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాల్ నొక్కే ముందు పెన్‌డ్రైవ్ మీదే ఒక గంట నడిపించి చూడు: వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా. వైఫై కనపడకపోతే కంగారుపడకు. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే నెట్‌తో డ్రైవర్ మేనేజర్‌లో వెతుక్కోవచ్చు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

అది 2008. ఆ రోజుల్లో ఉబుంటు అనే లైనక్స్ సీడీలు ఉచితంగా పోస్టులో వచ్చేవి, అడ్రస్ ఇస్తే చాలు. కాలేజీ ల్యాబ్‌లో ఎన్నో మెషీన్లకి వేసిన చెయ్యి కదా, ఇంట్లో ఒక్కదానికి ఎంతసేపు అనుకున్నాను. ఆ కంప్యూటర్‌లో మీ అమ్మమ్మ పాటలున్నాయి. మంగళహారతులు, గొబ్బి పాటలు, నిన్ను ఒళ్ళో వేసుకుని పాడిన జోల పాట, మొత్తం 43. అమ్మ పోయి అప్పటికి ఏడాది. క్యాసెట్లకి బూజు పట్టిందని, కంప్యూటర్‌లోకి ఎక్కించాక పారేశాం.

జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. పాటలన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. అదీ 40 జీబీ, లోపలిదీ 40 జీబీ. కాపీ అయ్యాక దాన్ని పీకకుండా అలాగే ఉంచి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. ఆ రెండు డిస్కులకి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు పేర్లు చూపించింది. ఏది ఏదో చదవకుండా ఒకటి నొక్కి, డిస్క్ మొత్తం వాడుకో అన్నాను. అయిపోయింది. బయటి డిస్క్ తీసి బీరువాలో పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే "గ్రబ్ ఎర్రర్ 21" అని ఆగిపోయింది. గ్రబ్ అంటే ఆన్ చెయ్యగానే లైనక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్. ఆ నంబరుకి అర్థం, అది వెతుకుతున్న డిస్క్ అక్కడ లేదని. అంటే ఉబుంటు వెళ్ళి కూర్చున్నది బీరువాలోని డిస్క్‌లో. ఆ ముక్క నాకు తట్టలేదు. సీడీ సరిగా లేదేమో అనుకుని, అర్ధరాత్రి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, ఈసారి లోపలి డిస్క్ మొత్తం తుడిచేసి. చక్కగా వచ్చింది. పొద్దున్నే పాటలు వెనక్కి తెచ్చుకుందామని బీరువా తెరిచాను. ఆ డిస్క్‌లోనూ ఉబుంటే ఉంది తల్లీ, పాటలు లేవు.

ఫొటోరెక్ అనే టూల్‌తో రెండు రోజులు వెతికాను. 19 దొరికాయి. పాటల పేర్లు పోయి వట్టి అంకెలే మిగిలాయి, కొన్ని సగానికి తెగిపోయాయి. నీ జోల పాట దొరకలేదు. మీ అమ్మకి మూడు వారాల దాకా చెప్పలేకపోయాను. చెప్పాక తను ఒక్క మాట అనలేదు. "ఏవేవి మిగిలాయి?" అని మాత్రం అడిగింది.

అందుకే చెప్తున్నాను. షాపుకి కొత్త కంప్యూటర్ వచ్చినా మీ నాన్న పాత ట్యాలీ లెక్కలు, నీ చిన్నప్పటి ఫొటోలు ఆ ల్యాప్‌టాప్ డిస్క్‌లోనే ఉన్నాయి. పార్టిషన్ చేసుకుంటా, అంటే అదే డిస్క్‌ని భాగాలు చేసి వాడుకుంటా, జాగ్రత్తగా ఉంటా అని నాతో అనకు. నేనూ జాగ్రత్తగానే ఉన్నాను. బ్యాటరీ విప్పి, ఆ డిస్క్‌ని మెషీన్‌లోంచే తీసెయ్యి. దాని బదులు కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్క్ పెట్టి దాని మీద నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యి, పది సార్లు చెడగొట్టుకో, నేనేమీ అనను. ట్యాలీ లైనక్స్‌లో నేరుగా నడవదు. లెక్కలు కావాల్సిన రోజు పాత డిస్క్ తిరిగి పెట్టుకోవచ్చు. అప్పుడు విండోస్‌లో టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి ఉంటే బెదిరిపోకు. మెషీన్ గడియారంలో లైనక్స్ గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది.

మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్ ఉందిగా అంటావేమో. అది మామూలుగా సిస్టమ్‌ని వెనక్కి తెస్తుంది కానీ నీ ఫొటోలని ముట్టుకోదు.

ఎస్‌ఎస్‌డీ నువ్వు కొనకు, నేను తీసుకుంటాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకురా, పక్కన కూర్చుంటాను, చేత్తో ముట్టను. ఈ ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్‌లో ఆ 19 పాటలూ పంపిస్తున్నాను. ఏడోది గొబ్బి పాట, రెండో చరణం మధ్యలో తెగిపోతుంది. మిగతాది మీ అమ్మకి వచ్చు. పాడమని అడిగి ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, నాకూ ఒక కాపీ పంపు.

నీ మామయ్య