సోయా పాలపొడి మీద పరిశోధన అంటోంది, బీఈడీ చేయించేయమంటారా?

ప్రశ్న: మాది రాజాం. అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది. పసితనంలో సోయా పాలపొడి తాగిన పిల్లలకు పెద్దయ్యాక బరువు, నెలసరి, సంతానం ఎలా ఉంటాయో పరిశోధిస్తానంటోంది. ఇదీ ఒక చదువేనా? బీఈడీ అయితే నయం కదండీ? పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో దీనికి ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: చదువేనండి, కొత్తది కూడా కాదు. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలకు చూలు నిలవలేదు. ఆ గడ్డిలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేసే పదార్థాలున్నాయని తేలింది. సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ ఆ కోవవే. అవి ఈస్ట్రోజన్ కంటే చాలా బలహీనమైనవి, కానీ సోయా పాలపొడి మీదే పెరిగే పసిబిడ్డ రక్తంలో, ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అయిన ఈస్ట్రడయాల్ కంటే 13,000 నుంచి 22,000 రెట్లు ఎక్కువ ఉంటాయని 1997లో లెక్కగట్టారు. మీ అమ్మాయికి పట్టుకున్న ప్రశ్న ఇక్కడిదే.

జవాబు మాత్రం ఇంకా తేలలేదు. పుట్టిన తొలి 5 రోజులూ కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల జెనిస్టీన్ ఇంజెక్షన్ ఇచ్చిన ఆడ చిట్టెలుకలు పెద్దయ్యాక ఈనలేదు. పాలు తాగే వయసులో నోటి ద్వారా ఇచ్చిన ఎలుకల్లో ఆడవి లావెక్కాయి, మగవి ఎక్కలేదు. ఒక జాతి చిట్టెలుకల్లో చూలు తల్లి మేతలో కలిపితే పిల్లల్లో ఊబకాయం తగ్గింది. మనుషుల్లో, పసితనంలో సోయా పాలపొడి, ఆవు పాలపొడి తాగి 20–34 ఏళ్లకు చేరినవాళ్లను పలకరించిన 2001 నాటి అధ్యయనంలో పెద్ద తేడాలేమీ కనబడలేదు. ఆడవాళ్లలో నెలసరి కాస్త ఎక్కువ రోజులు సాగడం వంటివి మినహా. మోతాదు, వయసు, ఇచ్చిన దారి మారితే ఫలితమే తిరగబడుతుంది. తేలని ప్రశ్న ఉన్నచోటే పరిశోధనకు చోటుంటుంది.

అయితే ఈ పని చెడేది ఎక్కువగా మేత దగ్గరే. ల్యాబ్ ఎలుకల మామూలు గుళికల్లో ప్రొటీన్ కోసం సోయాపిండి కలుపుతారు. అంటే జెనిస్టీన్ ఇవ్వని గుంపు కూడా రోజూ తింటూనే ఉంటుంది, తేడా ఎక్కడ తేలుతుంది? అందుకే సోయాపిండి బదులు కిలోకు 200 గ్రాముల కేసీన్ (పాల ప్రొటీన్) ఉండే శుద్ధి చేసిన మేత వాడాలి. రెండో పొరపాటు లెక్కలో. ఒక తల్లి ఈనిన 8 పిల్లలు 8 శాంపిళ్లు కావు, అన్నీ కలిపి ఒక్కటే. ఇక రుతుచక్రం: ఎలుకలో అది 4–5 రోజులు. రోజూ ఒకే వేళకు యోని నుంచి ఒక చుక్క సెలైన్‌తో కణాలు తీసి స్లైడు మీద చూడాలి. గుండ్రటి కేంద్రకమున్న కణాలు ప్రోఈస్ట్రస్ (ఎదకు ముందు దశ), పొలుసుల్లా ఎండినవి ఈస్ట్రస్ (ఎద), తెల్లరక్తకణాలు నిండితే డైఈస్ట్రస్ (ఎదల మధ్య విరామం). కనీసం రెండు వారాలు, ఆదివారమూ సెలవుండదు. ఆ ఓపిక ఉందో లేదో ముందు మీ అమ్మాయినే అడగండి.

దారి ఇలా. ఆఖరి ఏడాదిలో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు రాయాలి: కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. ఎమ్మెస్సీకి జువాలజీ, బయోకెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్, ఏదైనా సరే. తర్వాత పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) కోసం సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి మరో ఐదేళ్లు పట్టొచ్చు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, పునరుత్పత్తి మీద పనిచేసే ముంబైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ ఈ విషయానికి దగ్గరివి. ఈలోగా సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. రెండు నెలలు ల్యాబ్‌లో గడిపితే ఇష్టమో కాదో తనకే తెలుస్తుంది.

పైడిభీమవరంలో ఎక్కువగా బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) తయారీ, అక్కడ కెమిస్ట్రీ వాళ్లకే గిరాకీ. ఈ చదువుకు దగ్గరి ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లోని టాక్సికాలజీ (విష ప్రభావాలను పరీక్షించే) ల్యాబ్‌ల్లో ఉంటాయి.

బీఈడీ ఎక్కడికీ పోదండి. ఎమ్మెస్సీ అయ్యాక చేసినా స్కూలు ఉద్యోగానికి చెల్లుతుంది. డిగ్రీ కాగానే బీఈడీలో చేర్పిస్తే మాత్రం ఎమ్మెస్సీ రెండేళ్లు వెనక్కి పోతుంది, నెట్‌కు చదివే ఊపూ తగ్గుతుంది. రేపు పీహెచ్‌డీ సీటొచ్చి ల్యాబ్ ఎంచుకునేటప్పుడు, గైడు పేరు కంటే ముందు అక్కడి ఎలుకలకు ఏ మేత వేస్తున్నారో అడిగి రమ్మనండి.