‘కలిపి’కీ ‘నింపి’కీ మధ్య: యువ రచయితకు ఒక లేఖ

ప్లేనో, టెక్సస్

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఫ్రిస్కోలోని మీ ఇంటి సెంట్రల్ ఏసీకి పాత ఔట్‌డోర్ యూనిట్ తీయించి కొత్తది పెట్టించిన వైనం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదట మామూలు పాఠకుడిలా చదివాను. ఈ డాలస్ పరిసరాల్లో ఇరవై రెండేళ్లు ఏసీలు బిగించి, ఆ తరువాతే వాటి గురించి తెలుగులో రాయడం మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి, రెండోసారి పనివాడి కళ్లతో చదివాను. పాత యంత్రాన్ని ట్రక్కులోకి ఎక్కించడం, కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి బయటికి తీయడం, ఆ ఎండలో ఇద్దరు మనుషులు చెమటలు కక్కడం చక్కగా రాశావు. అయితే ఆ యంత్రం పదిహేనేళ్లు నడుస్తుందో, మూడో వేసవికే దాని కంప్రెసర్ కాలిపోతుందో తేల్చే గంటలన్నింటినీ ఒకే వాక్యంలో దాటేశావు: “తరువాత గొట్టాలు కలిపి గ్యాస్ నింపి స్విచ్ వేశారు.”

ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. తెలుగు వ్యాకరణం మనకిచ్చిన సౌకర్యమే ఇక్కడ నిన్ను మోసం చేసింది. కలిపి, నింపి, బిగించి, చూసి అంటూ క్త్వార్థకాలను ఎన్నింటినైనా దండగా గుచ్చి చివర ఒక్క క్రియతో ముడి వేయగలం గనుక, నాలుగు గంటల పని నాలుగు మాటల్లో ఇమిడిపోయి, పాఠకుడికి అదంతా కనురెప్ప పాటులో జరిగినట్లు అనిపిస్తుంది. నీ ‘కలిపి’కీ ‘నింపి’కీ మధ్య కనీసం మూడు పెద్ద పనులున్నాయి. వాటి దగ్గరికి తరువాత వస్తాను.

ముందు ‘గ్యాస్’ సంగతి చూద్దాం. ఆ మాట వాడవద్దని అనను, అందరం వాడేదే. ఇబ్బంది దాని పక్కన చేరే క్రియతో వస్తుంది. వంటగ్యాస్ సిలిండరుకు అలవాటైన మనం, ఏసీ చల్లబరచకపోతే కూడా “గ్యాస్ అయిపోయింది” అంటాం. ఏసీలోని రిఫ్రిజెరంట్ ఖర్చయ్యే పదార్థం కాదు. అది ఇంటి లోపలి కాయిల్‌లో ఆవిరవుతూ గదుల వేడిని తీసుకుంటుంది, బయటి యూనిట్‌లోని కంప్రెసర్ దాన్ని నొక్కి మరింత వేడెక్కిస్తుంది, చుట్టూ ఉన్న కండెన్సర్ కాయిల్‌లో ఆ వేడినంతా బయటి గాలికి వదిలి ద్రవంగా మారి మళ్లీ లోపలికి పోతుంది. మొదటిరోజు ఉన్నదే పదిహేనో ఏటా తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాట. “అయిపోయింది” అని చదివిన పాఠకుడు ఏటా నింపించుకోవడం మామూలేననుకుని డబ్బు కడతాడు, “కారిపోయింది” అని చదివినవాడు ఎక్కడ కారుతోందని అడుగుతాడు. అలాగే పాత యూనిట్ నుంచి “గ్యాస్ తీసేశారు” అని రాశావు. ఎక్కడికి తీశారు? గాలిలోకి వదిలారా, రికవరీ యంత్రంతో సిలిండరులోకి పట్టారా? మొదటిది ఈ దేశంలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం నేరం. ఆ రోజు రికవరీ యంత్రాన్ని నువ్వు చూడకపోతే, పని చేసినవాళ్లకు ఫోన్ చేసి అడిగాకే ఆ వాక్యం తిరిగి రాయి.

ఇక దిమ్మె. “సమతలమైన దిమ్మె మీద యూనిట్ నిలిపారు” అని ఒక్క వాక్యంలో ముగించావు. మనవాళ్లకు ఇంతకంటే దగ్గరి విషయం మరొకటి దొరకదు. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల ఉన్నది వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లబంకమన్ను. హ్యూస్టన్ బ్లాక్ అని పేరున్న నేల ఈ ప్రాంతపుదే. గుంటూరు పత్తిచేలలోనో, కర్నూలు, ఆదిలాబాద్ పొలాల్లోనో మే నెలలో కాలు పట్టేంత నెర్రెలు చూసినవాడికి ఇది కొత్త భూమి కాదు, అచ్చంగా మన నల్లరేగడి లాంటిదే. అలాంటి నేల మీద మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టకుండా, కంకర పరవకుండా పలక వేస్తే, రెండు వానలు, రెండు ఎండలు గడిచేసరికి అది ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు కంప్రెసర్ అడుగున ఉండవలసిన నూనె ఒక మూలకు చేరుతుంది, ఫ్యాన్ మోటారు మీద భారం పెరుగుతుంది, గోడలోంచి వచ్చే రాగి గొట్టాల అతుకుల మీద లాగుడు పడుతుంది. రసమట్టం పెట్టి చూశారని రాయి, ఎందుకు చూశారో కూడా రాయి. ఆ పేరాలో నీ పాఠకుడికి తన ఊరు కనబడుతుంది. వ్యాసం మొదట్లో పెట్టిన ఎండల వర్ణన ఆ పని చేయలేకపోయింది.

యూనిట్‌ను గోడకు ఎంత దూరంలో పెట్టాలన్న చోట నువ్వు ఒకే అంకె ఇచ్చి అదే శాసనమన్నట్లు రాశావు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉన్నదే లెక్క. సాధారణంగా గోడ వైపు 12 అంగుళాలు, మరమ్మతుకు తెరిచే వైపు 24 నుంచి 30 అంగుళాలు, పైన నాలుగైదు అడుగులు ఖాళీ అడుగుతారు. అంకె కంటే కారణం ముఖ్యం. ఈ యంత్రం పక్కల నుంచి గాలి పీల్చి పైకి చిమ్ముతుంది కాబట్టి, పైన డెక్ కప్పు అడ్డం వస్తే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బట్టల డ్రయ్యర్ గొట్టం దగ్గరలో ఉంటే దాని నూగు వచ్చి కాయిల్‌కు దుప్పటిలా అంటుకుంటుంది. కారణం తెలిసిన పాఠకుడు మనం ఊహించని సందర్భంలో కూడా సరిగా నిర్ణయించుకుంటాడు. ఈ ఊళ్లో మనవాళ్ల పెరళ్లలో ఆ యూనిట్ మీదుగా కాకరపాదు పాకించిన పందిళ్లు నేను చూశాను. తెనాలి నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ, ఇంత వేడిగాలి ఊరికే పోతోందని దాని మీద తడి చీర పరిచారు. ఆవిడ తర్కంలో తప్పేమీ లేదు, గాలి పైకి పోవాలని ఎవరూ చెప్పలేదంతే. టెక్సస్ వడగళ్లకు కాయిల్ రేకులు వంగిపోవడం, ఇక్కడి నిప్పుచీమలు కాంటాక్టర్ అనే కరెంటు స్విచ్చిలోకి దూరి స్పర్శ బిందువుల మధ్య నలిగి యంత్రాన్ని ఆపేయడం వంటివి కూడా ఈ చోటి విషయాలే. చీమల సంగతి తప్పకుండా చేర్చు. చదివినవాడు మరచిపోడు.

వ్యాసం మొదట్లో విల్లిస్ క్యారియర్ 1902లో బ్రూక్లిన్ అచ్చు కర్మాగారం కోసం చేసిన రూపకల్పన గురించి రాశావు. అది అక్కడ అలంకారంగా మిగిలింది. దాన్ని సైజు గురించి చెప్పే చోటికి తరలించు. అక్కడ అతను పరిష్కరించిన చిక్కు గాలిలోని తేమ. తేమకు కాగితం సాగి, కుంచించుకుపోయి, రంగుల అచ్చు కుదరలేదు. నేటి ఇంట్లో కూడా ఆ యంత్రానికి రెండు పనులు: చల్లబరచడం, తేమ తీయడం. “మూడున్నర టన్నుల బదులు ఐదు టన్నులు పెట్టిస్తే ఇంకా మంచిది” అన్న మీ పక్కింటాయన మాటను నువ్వు సమర్థిస్తూ రాశావు. అవసరానికి మించిన యూనిట్ కొద్ది నిమిషాల్లోనే గదిని చల్లబరచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు నడవదు, ఇల్లు చల్లగానే ఉన్నా జిడ్డుగా ఉంటుంది. మాన్యువల్ జె అనే పద్ధతిలో కిటికీలు, అటకపై ఇన్సులేషన్, ఇంటి దిశ అన్నీ లెక్కగట్టి సైజు తేల్చాలి. టన్ను అంటే బరువు కాదని కూడా ఒక వాక్యంలో చెప్పు: ఒక అమెరికన్ టన్ను, అంటే 2,000 పౌండ్ల మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి తీసుకునే వేడిని గంటకు లెక్కిస్తే వచ్చే 12,000 బీటీయూలు (బీటీయూ వేడికి ఒక కొలమానం). ఒకటిన్నర టన్ను ఏసీ కొన్న విజయవాడ పాఠకుడికీ ఇదే లెక్క.

నియమాలు రాసేటప్పుడు వాటికి తేదీ వేయడం మరచిపోకు. పాత రిఫ్రిజెరంట్ ఆర్-22 తయారీ, దిగుమతి ఈ దేశంలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. 2025 జనవరి 1 నుంచి ఇళ్లకు కొత్తగా తయారయ్యే ఏసీల్లో ఆర్-410ఏ కూడా ఉండకూడదన్నారు. మీ యంత్రంలోని ఆర్-454బీ స్వల్పంగా మండే గుణం ఉన్నది గనుక, లోపలి కాయిల్ కూడా దానికోసం తయారైనదే ఉండాలి. పాత కాయిల్ ఉంచుకుని బయటిది మాత్రమే మార్చుకోవచ్చన్న నీ సలహా వాక్యాన్ని అందుకే కొట్టేశాను.

విద్యుత్తు గురించి రాసిన చోట తెలుగు వాక్యం మళ్లీ నిన్ను ప్రమాదంలోకి నెట్టింది. “పక్కమూత విప్పి, లోపలి తీగలు పక్కకు జరిపి, కెపాసిటర్ కొసలను చేత్తో తాకకూడదు” అని రాశావు. మన భాషలో నిషేధం వాక్యం చివర ఉంటుంది. వ్యాసాన్ని ముందు పెట్టుకుని పని చేసేవాడు ‘కూడదు’ దాకా చదివేసరికి చెయ్యి కెపాసిటర్ మీద ఉంటుంది. హెచ్చరికను పొట్టి వాక్యంగా విడదీసి, పని కంటే ముందు పెట్టు. ముందు బ్రేకర్ ఆపాలి, తరువాత యూనిట్ దగ్గరున్న, కరెంటు తెంచే డిస్‌కనెక్ట్ లాగేయాలి, మీటరుతో 240 వోల్టులు లేవని చూసుకోవాలి. కరెంటు పోయినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుందని ఆ తరువాత కాదు, అన్నిటికంటే ముందు చెప్పు. బ్రేకర్ సైజు ఎంతన్నది పాత బ్రేకర్‌ను చూసి రాయకు, కొత్త యూనిట్ నేమ్‌ప్లేట్ మీద అచ్చయి ఉంటుంది.

ఇప్పుడు ‘కలిపి’ దగ్గరికి వద్దాం. గోడలోంచి రెండు రాగి గొట్టాలు వస్తాయి. సన్నది ద్రవాన్ని లోపలికి తీసుకుపోతుంది, నల్లటి స్పాంజి తొడుగు ఉన్న లావుది ఆవిరిని తిరిగి తెస్తుంది. వాటిని బ్రేజింగ్‌తో, అంటే అతుకు లోహాన్ని మంటతో కరిగించి అతికేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. లేకపోతే ఎర్రగా కాలిన రాగి లోపలి వైపు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొలుసు కడుతుంది. బయటి నుంచి చూస్తే అతుకు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ పొలుసు ఊడి కొంతకాలానికి, ద్రవాన్ని లోపలి కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని దారిలో చిక్కుకుంటుంది. అతుకు దగ్గరి సర్వీస్ వాల్వుకు తడిగుడ్డ చుట్టి లోపలి సీళ్లు కాలిపోకుండా కాపాడడం కూడా ఇక్కడి పనే.

తరువాత నైట్రోజన్‌తోనే ఒత్తిడి పరీక్ష. యూనిట్‌కు చెప్పిన ఒత్తిడి దాకా నింపి, అతుకులకు సబ్బునురగ పూసి, ముల్లు కదలకుండా నిలిచిందా అని కాసుకుని కూర్చోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక విడిగా రాయి: ఆక్సిజన్ వాడరాదు. నూనెతో కలిసి పేలుతుంది.

ఆ పైన వాక్యూమ్, అంటే పంపుతో గొట్టాల్లోని గాలిని లాగేయడం. ఇక్కడే నేను నీ వయసులో పెద్ద తప్పు చేశాను. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో “పంపును అరగంట నడిపితే చాలు” అని రాశాను. మా మేస్త్రీ చెప్పిన మాటే అది, నేను దాన్ని ప్రశ్నించలేదు. అది చదివిన ఒకాయన తన ఇంట్లో పని చేసినవాళ్లను గడియారం చూసి అరగంటకు ఆపించి, రెండేళ్ల తరువాత కంప్రెసర్ పోయిందని నాకు ఉత్తరం రాశారు. దానికి కారణం అరగంటేనని తేల్చి చెప్పలేను గానీ, ఆ రోజు నుంచి నేను నిమిషాలు రాయడం మానేసి కొలత రాస్తున్నాను. గొట్టాల్లో మిగిలిన ఒత్తిడిని చూపే మైక్రాన్ గేజి పెట్టాలి. బయటి గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లయితే, గొట్టాల్లో 500కు దిగాలి. 4,580 మైక్రాన్ల దగ్గర నీరు సున్నా సెల్సియస్‌లోనే మరుగుతుంది. కాబట్టి అంతకంటే బాగా దిగువకు వెళ్తే గొట్టం గోడలకు అంటుకున్న చెమ్మ కూడా ఆవిరై పంపులోంచి బయటికి పోతుంది. ఆ చెమ్మను లోపలే ఉండనిస్తే కంప్రెసర్‌లోని పీఓఈ అనే కృత్రిమ నూనె ఆ నీటిని పీల్చుకుని, కాలక్రమంలో ఆమ్లంగా మారి, మోటారు చుట్టల మీది పూతను తింటుంది. 500కు దిగాక పంపు వాల్వు మూసి గేజిని చూడాలి. అంకె కొంత పెరిగి ఆగితే లోపల ఇంకా చెమ్మ ఉంది, ఆగకుండా పెరుగుతూ పోతే ఎక్కడో రంధ్రముంది. పని మొత్తం మీద అన్నిటికంటే విసుగు పుట్టించే ఘట్టం ఇదే, ఎవరూ ఏమీ చేస్తున్నట్లు కనిపించదు. నువ్వు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని రాయాలి.

అప్పుడుగానీ ‘నింపి’ రాదు. అది కూడా నువ్వనుకున్న నింపడం కాదు. కర్మాగారంలోనే ఒక నిర్ణీత పొడవు గొట్టాలకు, చాలా యంత్రాల్లో 15 అడుగులకు, సరిపడా రిఫ్రిజెరంట్ యూనిట్‌లో పెట్టి పంపుతారు. వాల్వులు తెరిస్తే అదే గొట్టాల్లోకి పరుచుకుంటుంది. మీ గొట్టాలు అంతకంటే పొడవైతే, పుస్తకంలో అడుగుకు ఇంత అన్న లెక్కన త్రాసు మీద సిలిండరు పెట్టి తూచి చేర్చాలి. ఆర్-454బీ రెండు పదార్థాల మిశ్రమం కనుక సిలిండరులోంచి ద్రవరూపంలోనే తీయాలి. చివరగా సబ్‌కూలింగ్, అంటే రిఫ్రిజెరంట్ ద్రవంగా మారాక ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో కొలిచి నేమ్‌ప్లేట్ మీది అంకెతో సరిచూడాలి. పైపు పట్టుకుని “చల్లగా ఉంది, సరే” అనడం కొలత కాదు.

“ఈ పని వారాంతంలో ఎవరైనా చేసుకోవచ్చు” అన్న నీ చివరి పేరా తీసేయి. రిఫ్రిజెరంట్ ముట్టుకోవాలంటే క్లీన్ ఎయిర్ యాక్ట్ 608 సెక్షన్ కింద ధ్రువపత్రం ఉండాలి. ఇంటింటికీ వచ్చి ఈ పని చేసే కాంట్రాక్టరుకు టెక్సస్‌లో టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర లైసెన్సుల శాఖ ఇచ్చే లైసెన్సు కావాలి. నీ వ్యాసం పాఠకుడి చేతికి టార్చి ఇవ్వనక్కరలేదు. పనివాళ్ల పక్కన నిలబడి ఏం చూడాలో, ఏం అడగాలో అతనికి తెలిస్తే చాలు.

తిరగరాసిన ప్రతి పంపేటప్పుడు మూడు వివరాలు జత చేయి: నేమ్‌ప్లేట్ ఫొటో, మీ గొట్టాల పొడవు ఎన్ని అడుగులో, ఆ రోజు మైక్రాన్ గేజి ఎంత దగ్గర ఆగిందో. ఆ చివరిది నువ్వు చూడలేదనుకుంటాను. పని చేసినవాళ్లను అడుగు. వాళ్లు గేజి పెట్టనే లేదని చెబితే ఆ మాట కూడా ఉన్నదున్నట్లు రాసి, వేసవి ముదిరేలోగా మరొకరిని పిలిపించి యంత్రాన్ని చూపించు.

అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
అన్నయ్య