పిల్లలకోడికి పడమరగా చూడండి

ఆకాశం సంగతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
2015 జనవరి, రెండో వారం

ఈ వారం ఉత్తరాల్లో మూడొంతులు లవ్‌జాయ్ తోకచుక్క మీదే వచ్చాయి. రాశుల మీద, గ్రహణాల మీద అడిగినవారు వచ్చే సంచిక దాకా ఆగాలి. ఆ సంగతులు ఎప్పుడు చెప్పుకున్నా ఒకటే, తోకచుక్క మాత్రం మన కోసం ఆగదు.

ప్రశ్న: పేపర్లో పచ్చటి తోకచుక్క ఫోటో చూసి, జనవరి మొదటి వారంలో మూడు రాత్రులు మేడ మీదికి వెళ్లాను. పది గంటలకు టీవీ కట్టేసి వెళ్లి ఐదేసి నిమిషాలు వెతికాను. ఏమీ లేదు. 2013లో ఐసాన్ అని హడావుడి చేశారు, అదీ కనిపించలేదు. ఇవన్నీ పత్రికలవాళ్ల కల్పనేనా? (బ్యాంకు ఉద్యోగి, నల్గొండ)

జవాబు: ఐసాన్ విషయంలో మీ కోపం న్యాయమే. ‘శతాబ్దపు తోకచుక్క’ అని ఏడాది ముందునుంచీ ఊదరగొట్టారు. తీరా 2013 నవంబరు 28న అది సూర్యుణ్ణి రాసుకుంటూ వెళ్లి చెల్లాచెదురైపోయింది. లవ్‌జాయ్ అంత సాహసం చెయ్యదు. ఈ నెల 30న సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేనాటికి కూడా 19 కోట్ల కిలోమీటర్ల ఎడం పాటిస్తుంది. మనకు బాగా దగ్గరైంది మొన్న 7వ తేదీన, ఏడు కోట్ల కిలోమీటర్లకు. అంటే చంద్రుడి దూరానికి దాదాపు 180 రెట్లు.

ఇక మీకు ఎందుకు కనిపించలేదో మీ ఉత్తరంలోనే ఉంది. 5వ తేదీ పౌర్ణమి. మీరు వెళ్లిన రాత్రులు వెన్నెల ఆకాశాన్నంతా కడిగేసింది. టీవీ ముందునుంచి లేచి వెళ్లిన కంటికి చీకటి అలవాటు పడాలంటే కనీసం ఇరవై నిమిషాలు, మంచి చూపున్నా అంతే. మీరు ఐదు నిమిషాలకే దిగి వచ్చేశారు. ఆ ఐదు నిమిషాల్లో సెల్‌ఫోను చూడలేదని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి!

ఫోటోదీ తప్పుంది. కెమెరా నిమిషాల తరబడి కన్ను తెరిచి వెలుగును పోగు చేసుకోగలదు. మన కంటికి ఆ సౌకర్యం లేదు. ఈ తోకచుక్క ప్రకాశం నాలుగో తరగతి అని లెక్క కట్టారు (తరగతి సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). నాలుగో తరగతి నక్షత్రం పల్లెటూళ్లో ఎవరికైనా కనిపిస్తుంది, ఎందుకంటే దాని వెలుగంతా ఒక్క బిందువులో ఉంటుంది. అంతే వెలుగును చంద్రబింబమంత మేర పరిచి చూడండి, ఎంత పలచబడుతుందో. అదీ మీరు వెతకవలసింది: అద్దం మీద ఊదితే పడే ఆవిరి మచ్చలాంటి, అంచులు తెలియని గుండ్రటి మసక. తోక కోసం వెతికినన్నాళ్లూ మీకు తల కనిపించదు.

ఎక్కడ చూడాలంటే, రాత్రి ఎనిమిది గంటలకు తూర్పున గొల్లకావడి లేచి ఉంటుంది. వరసగా మూడు చుక్కలు, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా చూపిస్తారు. ఆ మూడు చుక్కల గీతను వాయవ్యంగా పొడిగిస్తే ఎర్రటి రోహిణి తగులుతుంది. అదే దారిన ఇంకాస్త పోతే పిల్లలకోడి, అంటే కృత్తికలు, దాదాపు నడినెత్తిన. ఈ వారం మొదట్లో తోకచుక్క రోహిణికి నైరుతిలో ఉంటుంది. రోజూ ఉత్తరానికి ఎగబాకుతూ 17, 18 తేదీలకు పిల్లలకోడికి పడమరగా చేరుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. పిల్లలకోడి నుంచి అంతకు కాస్త లోపే వెతకండి. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. మడత మంచం మేడ మీదికి చేర్చండి, దుప్పటి మరవకండి.

దొరికాక ఒక కిటుకు. సూటిగా దాని వైపే చూస్తే మాయమవుతుంది. కంటి లోపలి తెర (రెటీనా) నడిమి భాగం పగటి వెలుగులో రంగులూ వివరాలూ చూడడానికి ఏర్పడింది. చీకట్లో పనిచేసే కణాలు దాని చుట్టూ ఉంటాయి. అందుకని కాస్త పక్కనున్న చుక్కను చూస్తూ, మనసు మాత్రం తోకచుక్క మీద పెట్టండి. మా వీధి చివర ఇటుక బట్టీ ఉంది, పొగ ఎప్పుడూ ఉండేదే. అయినా ఈ కిటుకుతో పదోతరగతి పిల్లలకు మొన్న శనివారం చూపించాను. మొదట ఒకమ్మాయికి దొరికింది. మిగతావాళ్లు ఆ పిల్ల వేలు పట్టుకొని వెతుక్కున్నారు.

ప్రశ్న: ఫోటోలో తల పచ్చగా ఉంది, తోక మాత్రం నీలంగా ఉంది. ఎందుకు? (ఇంటర్ విద్యార్థిని, కడప)

జవాబు: తల చుట్టూ ఉన్న వాయువులో రెండేసి కార్బన్ పరమాణువులు జట్టు కట్టిన అణువులు ఉన్నాయి. ఎండ తగిలితే అవి పచ్చటి వెలుగు వెదజల్లుతాయి. అయితే ఆ ఎండే వాటిని విడగొట్టేస్తుంది. తోక దాకా ప్రయాణించేంత ఆయుష్షు వాటికి లేదు. నీలం తోకది వేరే సంగతి. కార్బన్ మోనాక్సైడు విద్యుదావేశం పొంది, సూర్యుడి నుంచి వీచే కణాల గాలికి కొట్టుకుపోతూ ఇచ్చే రంగు అది. అందుకే ఆ తోక సూర్యుడికి వ్యతిరేక దిశలోనే ఉంటుంది, తోకచుక్క ఎటు నడుస్తున్నా సరే. సాయంత్రం సూర్యుడు పడమట దిగాడు గనుక తోక తూర్పు వైపు. వట్టి కంటికి ఈ రంగులేవీ అందవు, బూడిద రంగే.

ప్రశ్న: అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా విశాఖను ఊడ్చేసింది. ఈ తోకచుక్క అప్పటికే ఆకాశంలో ఉందట. దాని కీడు వల్లే అంటున్నారు. మా కోడలు నిండు చూలాలు, మా అత్తగారు ఆమెను బయటికి రానివ్వడం లేదు. ఏమంటారు? (గృహిణి, విశాఖపట్నం)

జవాబు: అప్పటికే ఉన్న మాట నిజం. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర టెర్రీ లవ్‌జాయ్ అనే ఔత్సాహికుడు 2014 ఆగస్టు 17న దీన్ని పట్టుకున్నాడు, 20 సెంటీమీటర్ల సొంత టెలిస్కోపుతో. ఇది ఆయనకు ఐదో తోకచుక్క. అక్టోబరు 12న తుపాను తీరం దాటే నాటికి టెలిస్కోపు ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ కనిపించనంత మసగ్గా ఉంది. ఏటా ఇలాంటివి డజన్ల కొద్దీ కనిపెడుతున్నారు. తుపాను వచ్చినా, ఉల్లిపాయల ధర పెరిగినా ఏదో ఒక తోకచుక్క పైన ఉండనే ఉంటుంది. మరి పంటలు బాగా పండిన ఏళ్లను ఎవరి ఖాతాలో వేద్దాం?

మీ ఇంట్లో శాస్త్రం మాటకు విలువ ఉందంటే శాస్త్రమే చెబుతాను. వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమని ఒక అధ్యాయమే రాశాడు (కేతువు అంటే ఇక్కడ తోకచుక్కే). కీడు చేసే కేతువులను చాలానే వర్ణించాడు. కానీ పొట్టిగా, సన్నగా, నిర్మలంగా, నున్నగా, వంకర లేకుండా, తెల్లగా ఉండి త్వరగా అస్తమించే కేతువు సుభిక్షాన్నీ సుఖాన్నీ ఇస్తుందని కూడా ఆయనే అన్నాడు. మన లవ్‌జాయ్‌కి ఈ లక్షణాలు చాలావరకు సరిపోతున్నాయి. ఈ మాట మీ అత్తగారికి వినిపించండి. కోడలికి చలి తగలకుండా శాలువా కప్పి, మెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకొని తీసుకెళ్లండి. మెట్ల విషయంలో మాత్రం నాకూ భయమే.

ప్రశ్న: హేలీ తోకచుక్క మళ్లీ ఎప్పుడు? నాకు తొమ్మిదేళ్లు. (సిద్దిపేట)

జవాబు: 2061 జులై 28న సూర్యుడి దగ్గరికి వస్తుంది తల్లీ. అప్పటికి నీకు యాభై అయిదు. నేను 1986లో చూశాను, అప్పుడు అది భూమికి అనుకూలమైన వైపు లేక చాలా పేలవంగా వచ్చింది. నీకు దానికన్నా బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: నా ఎనిమిదో ఏట విజయవాడలో మా నాయనమ్మతో కార్తీక స్నానానికి వెళ్లేదాన్ని. తెల్లవారక ముందు కృష్ణ మీద ఆగ్నేయాన పెద్ద తెల్లటి చార వాలుగా కనిపించేది. రేవులో అందరూ దానికి దండం పెట్టేవారు. అది 1965 అని గుర్తు. అది ఏ తోకచుక్క? మళ్లీ వస్తుందా? ఇప్పటిది అలా ఎందుకు లేదు? (విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ జ్ఞాపకం నూటికి నూరుపాళ్లు సరైనది. అది ఇకెయా–సెకి. నేనూ చూశాను, మా ఊరి చెరువు కట్ట మీద నుంచి. ఇన్నేళ్లలో అంతటి తోక మళ్లీ చూడలేదు. తల దిగంతం కింద ఉండగానే తోక పైకి లేచి ఉండేది.

దాని వెనక కథ మీకు నచ్చుతుంది. జపానులో ఇద్దరు ఔత్సాహికులు, ఒకరికొకరికి సంబంధం లేకుండా, 1965 సెప్టెంబరు 18 రాత్రి కొద్ది నిమిషాల తేడాలో దాన్ని కనిపెట్టారు. కవోరు ఇకెయా పియానోల ఫ్యాక్టరీలో కార్మికుడు. త్సుతోము సెకి గిటారు మాస్టారు. అక్టోబరు 21న అది సూర్యుడి ఉపరితలానికి ఐదు లక్షల కిలోమీటర్ల లోపు నుంచి దూసుకుపోయింది. ఆ రోజు జపానులో సూర్యబింబాన్ని చాటు చేసుకొని పట్టపగలే చూశారు. ఆ వేడికి అది మూడు ముక్కలైంది, అయినా బతికి బయటపడింది. లోపలి మంచు ఒక్కసారిగా ఆవిరైతే లేచిన ధూళి ఎండకు వెలిగింది. మీరు రేవులో చూసిన చార ఆ ధూళే. దీపావళి దాటి కార్తీకం మొదలయ్యేసరికి అది సూర్యుడి చాటు నుంచి బయటపడి తెల్లవారుజామున కనిపించడం మీ నాయనమ్మగారి అదృష్టం. స్నానానికి లేవని ఇళ్లలో చాలామంది దాన్ని చూడనే లేదు.

మళ్లీ రావడానికి ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లు పడుతుంది. లవ్‌జాయ్ అలా లేకపోవడానికి కారణం ఇందాక నల్గొండ ఆయనకు చెప్పిందే: ఇది సూర్యుడికి దూరంగా ఉండి పోతుంది, ధూళి తక్కువ, వాయువు ఎక్కువ. దీని లెక్క మరీ పెద్దది. కిందటిసారి వచ్చి సుమారు 11 వేల ఏళ్లయింది. ఈసారి గ్రహాల ఆకర్షణకు దారి కొంచెం కురచై 8 వేల ఏళ్లకే తిరిగి వస్తుందట.

ప్రశ్న: మా బడికి టెలిస్కోపు కొందామనుకుంటున్నాం. ‘675 రెట్లు’ అని పెట్టె మీద ఉన్నది నాలుగు వేలకు ఇస్తున్నారు. కొనవచ్చా? మన పిల్లలు కూడా తోకచుక్క కనిపెట్టగలరా? లవ్‌జాయ్‌ని చూపించడానికి వాళ్లను ఎప్పుడు తీసుకెళ్లాలి? (సైన్సు టీచరు, ఆదిలాబాద్)

జవాబు: కొనవద్దు. రెట్ల సంఖ్యను పెట్టె మీద అచ్చు వేసే టెలిస్కోపు ఏదైనా అనుమానించండి. ఆకాశంలో పనికొచ్చేది కటకం వెడల్పు, ఆ తరవాత కదలని స్టాండు. ఆ డబ్బుకే 10×50 బైనాక్యులర్ వస్తుంది. పది అంటే పది రెట్లు, యాభై అంటే కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప ఏడు మిల్లీమీటర్లు. లెక్క మీ పిల్లల చేతే చేయించండి, యాభై రెట్ల వెలుగు వస్తుంది. లవ్‌జాయ్‌కి ఇంతకన్నా మంచి పరికరం అక్కర్లేదు, జిల్లా కేంద్రం నడిబొడ్డు నుంచి కూడా దొరుకుతుంది.

రెండో ప్రశ్నకు హైదరాబాదులోనే జవాబుంది. నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు. నిజాం కాలేజీలో చదువుకొని, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్‌కు వెళ్లి, 1949 జులైలో ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. బప్పు–బాక్–న్యూకర్క్ అన్నది దాని పేరు. ఈ రోజుల్లో చాలావాటిని ఆకాశాన్ని రాత్రంతా తడిమే యంత్రాలే ముందు చూస్తున్నాయి. అయినా లవ్‌జాయ్ లాంటి ఒంటరివాళ్లకు ఇంకా సందు దొరుకుతూనే ఉంది.

పిల్లలను ఎప్పుడు తీసుకెళ్లాలి అని అడిగారు. 15 సంక్రాంతి, సెలవులే. భోగి మంటలు తెల్లవారుజామున గనుక వాటితో పేచీ లేదు. 20 అమావాస్య. 23 దాటాక సాయంత్రం చంద్రుడు అడ్డం వస్తాడు, 27కు సగం బింబం అవుతాడు. కాబట్టి ఈ పది రోజుల్లో ఏదో ఒక రాత్రి ఎనిమిదికి, దీపాలు లేని పొలం గట్టు చూసుకోండి. టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టండి.