నర్సరీ రైమ్ బొమ్మలున్న పాత ఇంగ్లిష్ పళ్లెం ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

ముందు తిరగేసి అడుగు చూడండి. అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం (దిగుమతి పన్నుల చట్టం) వల్ల 1891 నుంచి ఆ దేశానికి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాల్సి వచ్చింది. అందుకే ‘ఇంగ్లండ్’ ముద్ర ఉంటే చాలావరకు ఆ తర్వాతదే. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అయితే సాధారణంగా 20వ శతాబ్దానిది. ముద్ర లేదు కదా అని పాతదనుకుని మురిసిపోకండి, ముద్ర వేయకుండా అమ్మిన సరుకూ చాలానే ఉంది.

తర్వాత బొమ్మ. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో అంచు చుట్టూ ఉబ్బెత్తు ఏబీసీడీలతో పిల్లల పళ్లాలు చేసేవారు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మను పలుచని కాగితం మీదికి తీసి, పళ్లేనికి అద్దేవారు. పైన రంగులు చేత్తో వేసేవారు కాబట్టి చాలావాటిలో అవి గీత దాటిపోయి ఉంటాయి. నాకైతే ఆ అలుకుడే ముద్దొస్తుంది! గ్లేజులో, అంటే పైనున్న గాజులాంటి పూతలో, సన్నని పగుళ్లు మాత్రం వయసుకు రుజువు కాదు, కొత్తవాటికీ వస్తాయి.